కరెంటు పోయినంక

సాంచాలకు నూనె పట్టాలి. అటూ ఇటూ తిరిగే నాడెల్లో నూలు అయిపోయిన కండెలు మార్చాలి. తెగిన పోగులు అతకాలి. మధ్యాహ్నం జగిత్యాల నుంచి నరేశ్ వస్తే కాసేపు కూర్చోవాలి. ఇంటికి పోతూ గిర్నీ నుంచి జొన్నపిండి తేవాలి. ఈ చివరి పని భార్య దుర్గవ్వ గుమ్మంలో నిలబడి చెప్పింది. ఐలయ్య తలూపాడు. అతనికి వినపడలేదు.

సిరిసిల్ల మరమగ్గాల కార్ఖానాల్లో తలూపడం అలవాటు. సాంచాల రొదలో నోటిమాట పనికిరాదు. ఒకరు సైగ చేస్తారు, ఇంకొకరు తలూపుతారు. ఐలయ్య ఆ అలవాటును ఇంటికీ మోసుకొచ్చాడు. బిడ్డకు జ్వరమన్నా, బియ్యం నిండుకున్నాయన్నా తలూపేవాడు. దుర్గవ్వ మొదట్లో తిట్టింది, పోను పోను మాటలే తగ్గించింది. "గీ మనిషికి సాంచాలే పెండ్లాం" అని వాడకట్టులో చెప్పుకునేది.

ఐలయ్య బక్కపలచని మనిషి. మెడ ముందుకు వంగిపోయింది. కనుబొమల మీద కూడా నూలు పొట్టు. సాంచాలు ఆడుతున్నంతసేపు బాగానే ఉండేవాడు. కరెంటు పోతే అందరూ చాయకు లేచేవాళ్ళు. అతనికి మాత్రం చెవుల్లో మోత మొదలయ్యేది, సన్నగా, తెంపులేకుండా. దాన్ని కప్పేది సాంచాల రొద ఒక్కటే. అందుకే కోరుట్లలో బిడ్డ కల్పన ఇంటికి పోయినా, అక్కడి నిమ్మళానికి తాళలేక తెల్లారేసరికి బస్సెక్కాడు. చెవులను పాడుచేసిన కార్ఖానాలోనే వాటికింత నీడ. ఈ సంగతి అతనెవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

అడిగింది కల్పన మరిది నరేశ్. అతనూ, స్నేహితురాలు ప్రణీతా ఒక మందుల దుకాణం పైగదిలో తలుపులు బిగించుకొని ఆల్బంలు చేస్తారు. వాటిలో పాట ఉండదు, తాళముండదు, రొదే ఉంటుంది. వినేవాళ్ళు కొద్దిమంది, వాళ్ళూ చాటుగానే వింటారు. ఎండాకాలంలో వచ్చి సాంచాలను రికార్డు చేస్తుండగా కరెంటు పోయింది. అప్పుడేం వినబడుతుందని నరేశ్ అతని చెవి దగ్గర నోరుపెట్టి అడిగాడు. ఐలయ్య కళ్ళు మూసుకొని, ఊపిరి ఉన్నంతసేపు ఆ మోతలాగే సన్నగా మూలిగాడు.

ఈ మధ్యాహ్నం ఆ ఆల్బం వచ్చింది. పేరు 'కరెంటు పోయినంక'. నరేశ్ హెడ్‌ఫోన్ తగిలించి, సౌండు పూర్తిగా పెంచాడు. మొదట పళ్ళు కొరుకుతున్నట్టు సాంచాలు. ఆ తర్వాత అవన్నీ ఆగిపోయి, ఐలయ్య మూలుగొక్కటే సాగుతూ పోయింది.

"లోపటిది బయటికి ఎట్ల తీసిన్రు అల్లుడా?" అన్నాడు ఐలయ్య. హెడ్‌ఫోన్ తీసి చేతిలో తిప్పుతూ, "మీ అత్తకు ఇనిపియ్యాలె. నేను ఇనక గాదు, గిది ఇననియ్యదని ఆమెకు తెల్వాలె."

నరేశ్ ఆల్బం ఎక్కించిన ఆ హెడ్‌ఫోన్‌ను అతని దగ్గరే వదిలి వెళ్ళాడు. సాయంత్రం ఇంటికి తీసుకుపోదామని ఐలయ్య సాంచ పక్కన మేకుకు తగిలించాడు.

పొద్దు వాలకముందే గోడకానుకొని కూర్చున్నాడు. కండెలు చుట్టే శాంత, చాయ తాగుతావా అని సైగ చేసింది. అతని తల కిందికి వాలింది. తలూపాడనుకుంది. కండె అయిపోయి సాంచ ఆగిపోతే, అప్పుడు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

ఐలయ్య దినాలయ్యాక దుర్గవ్వ తానే గిర్నీకి పోయి పిండి తెచ్చుకుంటూ కార్ఖానాకు వచ్చింది. అక్కడ ఆమె కోసం ఆగిన నరేశ్ ఆమెను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాడు. అందులో సాంచాలు ఆగిపోయాక ఆమె పిండిసంచి ఒళ్ళోకి లాక్కుంది.

"గిది ఎప్పుడాగుతది?"

"ఆగదత్తా."

"రాత్రిపూట గూడనా?"

నరేశ్ తలూపాడు. ఆమె దాన్ని తీసి, పైటకొంగుతో నూలు పొట్టు తుడిచి, అదే మేకుకు తగిలించింది.

మీ ఇంట్లో పిలిస్తే పలకకుండా తలూపే మనిషి ఉంటే, సాంచ పక్కన ఇంకా వేలాడుతున్న ఆ హెడ్‌ఫోన్ కింద కూర్చున్న ఐలయ్యను ఒక్కసారి తలచుకోండి.