గోడలు పెరిగే వీధిలో పచ్చ సైకిలు

హుర్లిమాన్ తెల్లవారుజామునే లేచి వాకిట్లో నీళ్లు చల్లి ఊడుస్తుంది. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. మొదట్లో ఈ చివర నుంచి ఆ చివరకి ఊడ్చేసరికి నడుం పట్టేసేది. ఇప్పుడు పదిహేను చీపురు వేట్లకి పనైపోతోంది. ఆమె చెయ్యి తిరగడం వల్ల కాదు, వాకిలే చిన్నదైపోయింది.

ఉర్గెంచ్ పట్నానికి అవతల కాలువ ఒడ్డున ఉన్న ఆ వీధిలో మట్టిగోడలు పెరుగుతాయి. చలికాలం చివర పొలాల్లో ఉప్పు కడగడానికి కాలువ నీళ్లు వదులుతారు కదా, ఆ నీరు అడుగునుంచి గోడల్లోకి ఎక్కుతుంది. ఎక్కిన గోడ పులిసిన పిండిలా పొంగుతుంది. అన్నిచోట్లా ఒక్కలాగే పొంగదు. మనుషులు కదలకుండా కూర్చునే చోట ఎక్కువ, తిరుగాడే చోట తక్కువ. టీ దుకాణం వెనక గోడని ఏడాదికి రెండుసార్లు చెక్కాలి, పెద్దమనుషులు పొద్దస్తమానం అక్కడ డొమినోలు ఆడుతూ కూర్చుంటారు గనుక. చిన్నపిల్లలున్న ఇంటి గోడని మూడేళ్లయినా ముట్టుకోనక్కర్లేదు. మిగతావాళ్లు ఏటా వసంతంలో పార తీసుకుని గోడ చెక్కి, రాలిన మట్టిని ఖర్బూజా పాదులకి వేసుకుంటారు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

అయితే చావు జరిగిన ఇంట్లో, ఆడవాళ్లు మైలకి కట్టిన నీలం బట్టలు విప్పేదాకా మట్టిమీద పార వేయకూడదు. ఏడాది తిరిగాక వీధిలో అందరికంటే పెద్దావిడ వచ్చి వాళ్ల తలకి తెల్లగుడ్డ కడుతుంది. మర్నాడు గోడ చెక్కుకోవచ్చు. హుర్లిమాన్ భర్త మత్యాకూబ్ వరిమడిలో గుండె ఆగి పోయి మూడేళ్లయింది. ఏడాది తిరిగే వారంలోనే వీధిలోని పెద్దావిడ తొంభై ఒకటో ఏట కన్నుమూసింది. ఆవిడ తర్వాత పెద్దది ఎవరన్న సంగతి తేలలేదు. ఎదురింటి సనోబర్ "నాకంటే మూలింటి ఆవిడే పెద్దది" అంది. మూలింటావిడ "నేను పుట్టేనాటికే సనోబర్‌కి పళ్లొచ్చాయి" అంది. ఒక ఆడమనిషి వయసు ఇంతని వీధిలో నిలబడి అనేంత మర్యాద తప్పినవాళ్లు అక్కడ లేరు. గుర్తు చేయాల్సింది మీరంటే మీరని ఇంటింటివాళ్లూ ఊరుకున్నారు. అలా ఇంకో రెండేళ్లు గడిచిపోయాయి.

గోడలు మాత్రం ఊరుకోలేదు. కోళ్లగూడు, కట్టెల కొట్టు, ఒక మల్బరీ చెట్టు గోడల్లోకి వెళ్లిపోయాయి. వీధి తలుపు రెక్కల్లో ఒకటి మట్టిలో మునిగిపోయింది. ఆవు పట్టక, దాన్ని ముందుగానే సనోబర్ దొడ్లో కట్టేశారు. ఇప్పుడు తలుపు దగ్గర మిగిలింది మూరెడు సందు. మనిషి పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి పోవాలి. పోయి రావడం కష్టమని హుర్లిమాన్ పోవడమే మానేసింది.

అత్తగారు ఒగుల్జాన్‌కి డెబ్బై నాలుగేళ్లు. ఆవిడ పొద్దున్నే టీ పాత్ర పట్టుకుని తలుపు పక్కన అరుగు మీద కూర్చుంటుంది. పొద్దుగూకేదాకా లేవదు. కొడుకు ఆరోజు పొద్దున ఆ తలుపులోంచే పొలానికి వెళ్లాడు. ఆవిడ చూపు ఇంకా అక్కడే ఉంది.

ఆగస్టు ఆఖరి శుక్రవారం సందులోంచి సనోబర్ సగం మొహం కనిపించింది.

"హుర్లిమాన్, ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను సనోబరక్కా."

సనోబర్‌కి డెబ్బై అయిదు దాటినా అక్కా అని పిలవకపోతే పలకదు.

"జుమాగుల్ కబురు పంపింది. కాలువ చివర బడి హెడ్‌మాస్టరమ్మ లేదూ, ఆవిడే. ఒకటో తరగతి టీచరు ఊరు మారిపోయిందట. పెళ్లికి ముందు నువ్వక్కడ రెండేళ్లు చెప్పావు కదా, ఆ సంగతి ఆవిడకి గుర్తుంది. సోమవారం ఎనిమిదింటికి మొదటి బెల్లు. బెల్లు కొట్టేసరికి తరగతిలో నువ్వుంటే తరగతి నీది. లేకపోతే ఖీవా నుంచి ఓ పిల్ల వస్తానంటోందట."

హుర్లిమాన్ చేతిలో చీపురు ఆగిపోయింది. ముప్పై జతల కళ్లు, సుద్దముక్క వాసన. ఇరవై రెండేళ్లుగా ఆమె ఎవరికీ ఏమీ నేర్పలేదు.

"ఎనిమిది కిలోమీటర్లక్కా. నడిస్తే పోనూ రానూ నాలుగు గంటలు. అత్తయ్యకి రొట్టె ఎవరు కాలుస్తారు?"

"నడవమని ఎవరన్నారు? నీ పచ్చ సైకిలు ఏమైంది? నువ్వు దాని మీద పోతుంటే మా ఆయన టీ ఒలకబోసుకునేవాడు, పాపం, చచ్చిపోయాడు."

అరుగు మీదనుంచి ఒగుల్జాన్ అంది, "ఆ సైకిలు సంగతి ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాను."

"నీ కోడలు పడుచుపిల్లగా ఉన్నప్పుడన్నావులే ఆ మాట. ఇప్పుడు దాని పిక్కలెవరు చూస్తారు?" అంది సనోబర్.

"నలభై అయిదే నాకు," అంది హుర్లిమాన్ మెల్లగా.

సైకిలు కొట్టంలో దూలానికి వేలాడుతోంది. పెళ్లయిన వారానికి అత్తగారు వద్దంటే మత్యాకూబ్ దాన్ని పైకి కట్టాడు. తర్వాత చూద్దాంలే అన్నాడు. ఏటా వసంతంలో దుమ్ము మాత్రం తుడిచేవాడు. అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనలేదు. హుర్లిమాన్ శనివారం పొద్దున దాన్ని కిందికి దించింది. టైర్లు బీటలు తీశాయి. చైను తుప్పుపట్టి కర్రలా బిగిసింది. సనోబర్ సందులోంచి కొత్త టైర్లు, ట్యూబులు, గాలిపంపు ఒక్కొక్కటే తోసింది. హుర్లిమాన్ చైనుని పత్తిగింజల నూనెలో నానబెట్టి, లింకు తర్వాత లింకు వేళ్లతో మడిచి మడిచి కదిలించింది. చక్రం ఎత్తి తిప్పితే కిర్రుమని ఏడ్చి, తర్వాత నెమ్మదించింది.

వాకిట్లో తందూరు పొయ్యి చుట్టూ మాత్రమే కాస్త ఖాళీ ఉంది. గౌను అంచుని పైజమాలో దోపి, సీటెక్కింది.

మొదటి చుట్టులో మోకాలు హ్యాండిలుకి తగిలింది. రెండో చుట్టులో భుజం గోడకి గీరుకుపోయింది. మూడోసారి పడింది, మోచెయ్యి దోక్కుపోయింది. చూపు ముందుచక్రం మీద పెడితే పడిపోతాం, పోవాల్సిన వైపు పెట్టాలి. ఒకప్పుడు ఈ మాట బళ్లో పిల్లలకి తనే చెప్పింది. చూపెత్తింది. కాళ్లు తమంతట తామే లయ అందుకున్నాయి. ఆ మూసుకుపోయిన వాకిట్లో మూడేళ్లుగా గాలి లేదు. ఇప్పుడు ఆమె తిరుగుతుంటే పుట్టింది, చెవుల వెనక చెమటని తాకింది. హుర్లిమాన్ నవ్వింది. తన నవ్వు ఎలా ఉంటుందో మరిచిపోయి ఎవరో నవ్వారనుకుని పక్కకి చూసింది.

"తాగినదానిలా తిరుగుతోంది," అంది ఒగుల్జాన్ తలుపుకేసే చూస్తూ.

"తల తిరుగుతోందత్తయ్యా, బాగుంది."

"మొగుడు పోయిన ఇల్లిది."

హుర్లిమాన్ ఆగలేదు. మధ్యాహ్నానికి చక్రం దారి కొంచెం వెడల్పైంది. గోడ పక్కనుంచి పోయిన ప్రతిసారీ గోడ వేలెడంత వెనక్కి తగ్గుతోంది. సాయంత్రానికి మల్బరీ కొమ్మలు బయటపడ్డాయి. మర్నాడు ఆదివారం ఊడ్చేసరికి ఆమెకి ముప్పై వేట్లు పట్టాయి. కోళ్లగూడు కనిపించింది. అందులో మూడేళ్ల కిందటి గుడ్డొకటి, దుమ్ము పట్టి ఉంది.

తలుపు దగ్గర మాత్రం గోడ కదల్లేదు. కదలకపోగా ఇంకా పొంగింది. మూరెడు సందు జానెడైంది. ఎందుకో హుర్లిమాన్‌కి తెలుసు, వీధిలో అందరికీ తెలుసు. అరుగు మీద ఒగుల్జాన్ కూర్చుంది. సైకిలు ఎంతసేపు తిరిగినా, కదలని మనిషి పక్కన గోడ తగ్గదు.

ఆదివారం సాయంత్రం సనోబర్ వచ్చింది. ఈసారి మొహం కూడా పట్టలేదు. చెయ్యి మాత్రం లోపలికొచ్చింది. చేతిలో మడతపెట్టిన రెండు తెల్లగుడ్డలున్నాయి.

"ఒగుల్జాన్, నేనే పెద్దదాన్ని. మూలింటిదానికంటే నాలుగేళ్లు పెద్ద. ఎవరికీ చెప్పకు. రెండేళ్లు మీ ఉసురు పోసుకున్నాను. తీసుకో, కట్టుకోండి. రేపు పొద్దున మా మరిది పార పట్టుకుని వస్తాడు."

హుర్లిమాన్ అత్తగారివైపు చూసింది.

ఒగుల్జాన్ ఆ చేతిని వెనక్కి నెట్టింది. "నీ వయసు నాకెప్పుడూ తెలుసు సనోబర్. అడగాలనుకుంటే మొదటి ఏడే అడిగేదాన్ని."

"మరెందుకడగలేదే?"

"తెల్లది కట్టుకుంటే వాడు పోయినట్టు."

సనోబర్ గుడ్డల్ని పిడికిట్లో పట్టుకుంది. చెయ్యి వెనక్కి పోయింది.

సోమవారం తెల్లవారేసరికి తలుపు దగ్గర సందు అరచెయ్యి వెడల్పుంది. హుర్లిమాన్ హ్యాండిలు బోల్టు వదులుచేసి, హ్యాండిలుని సైకిలుతో సమంగా పక్కకి తిప్పి చూసింది. సైకిలు పట్టదు. తనసలే పట్టదు. గోడ ఎక్కుదామని చూస్తే, ఆ చివర చెయ్యెత్తినా అందనంత ఎత్తు పెరిగింది. మళ్లీ హ్యాండిలు బిగించింది. వాకిలి చుట్టూ ఇరవై చుట్లు తొక్కింది. మూడువైపులా గోడలు తగ్గుతూనే ఉన్నాయి, ఆ ఒక్కవైపు తప్ప. ఎండ మల్బరీ చెట్టు నడిమికొచ్చింది. ఏడు కావస్తోంది.

సైకిలు తెచ్చి అరుగు ముందు ఆపింది.

"లేవండత్తయ్యా."

"నన్ను లేపడానికి నువ్వెవరు?"

"మీరిక్కడ కూర్చుంటే ఇవాళ పొద్దెక్కేసరికి ఇది మూసుకుపోతుంది. రొట్టె తోయడానికి కూడా సందుండదు. లోపల మనిద్దరం ఉంటాం. మీ అబ్బాయి బయట ఉన్నాడు."

ఒగుల్జాన్ మొదటిసారి తలుపు మీదనుంచి చూపు తీసింది.

"నేను మాత్రం ఏడవలేదా?" అంది హుర్లిమాన్. "రోజూ ఏడ్చాను. నిన్న తొక్కుతూ కూడా ఏడ్చాను. మీరు అటు చూస్తున్నారు గనుక మీకు తెలీలేదు. కాలువ రోడ్డు మీదే ఉంది ఆయన సమాధి. మూడేళ్లలో మీరు ఒక్కసారి చూశారా? నా బడి దారిలోనే ఉంది. క్యారియరు ఖాళీగా ఉంది."

ముసలావిడ క్యారియరుకేసి చూసింది. ఒంటికాలి కొంగని చూసినట్టు చూసింది.

"పడేస్తావా?"

"పడేస్తానేమో. ఇరవై రెండేళ్లయింది."

"అబద్ధమైనా చెప్పొచ్చు కదే."

"దిండు వేస్తాను."

ఒగుల్జాన్ గోడ పట్టుకుని లేచింది. మోకాళ్లు టపటపమన్నాయి. హుర్లిమాన్ మడతపెట్టిన బొంత క్యారియరు మీద కట్టి, అత్తగారిని పక్కవాటుగా కూర్చోబెట్టి, ఆవిడ చేతుల్ని తన నడుం చుట్టూ చుట్టింది. ముందుచక్రం గాలిలోకి లేవబోయింది. తన బరువంతా ముందుకేసి తొక్కింది.

ఒక చుట్టు. వెనకనుంచి దేవుణ్ణి తలుచుకుంటున్న గొణుగుడు. రెండో చుట్టులో ఖాళీ అరుగు పక్కగా పోయారు. గోడలోంచి పిండి జల్లించినట్టు మట్టి రాలింది. మూడో చుట్టుకి మునిగిపోయిన తలుపు రెక్క, దాని ఇత్తడి గొళ్లెంతో సహా బయటికొచ్చింది.

"దించుతావా ఇంక?" అంది ఒగుల్జాన్.

"దించను. కాళ్లు పైకెత్తి పట్టుకోండి."

నాలుగో చుట్టులో సైకిలు తిన్నగా తలుపులోంచి వీధిలోకి వచ్చేసింది.

సనోబర్ ఆవుని తోలుకుపోతూ ఎదురైంది. నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"ఒగుల్జాన్, నువ్వేనా?"

"కాదు, మీ అమ్మమ్మని. ఆవుని పక్కకి లాగు."

కాలువ రోడ్డు మీద ఎండ పచ్చగా ఉంది. పత్తి అక్కడక్కడ పగులుతోంది. మడుల్లో వరి మోకాలెత్తుంది. హుర్లిమాన్ తొడలు మండుతున్నాయి, చెమట కళ్లలోకి దిగుతోంది. గాలి ఎదురొచ్చి కొడుతోంది. ఆమెకి ఎక్కడా ఆపాలనిపించలేదు.

"నేనెంత బరువున్నానే?"

"బియ్యం బస్తా అంత."

"పొడి బియ్యమా, తడిసినవా?"

"తడిసినవే అత్తయ్యా."

వీపు వెనక ఏదో కదిలింది. అత్తగారు నవ్వుతోందని హుర్లిమాన్‌కి కాసేపటికి గానీ అర్థం కాలేదు.

ఆరో కిలోమీటరు దాటాక కుడివైపు ఉప్పుతేలిన నేల మీద సమాధులు కనిపించాయి. శవాన్ని మోసుకొచ్చిన నిచ్చెనని ఆ సమాధి పక్కనే ఉంచేస్తారు. మత్యాకూబ్ నిచ్చెన మూడో వరసలో ఉంది. దాని మెట్టు మీద పిచ్చుకొకటి కూర్చుంది. అదేనని హుర్లిమాన్ చూపించింది. నడుం చుట్టూ ఉన్న చేతులు బిగిశాయి.

ఎండని బట్టి చూస్తే మొదటి బెల్లుకి పది నిమిషాలుంది. దూరంగా తెల్లటి బడి గోడ, దాని ముందు రంగురంగుల చుక్కల్లా పిల్లలు కనిపిస్తున్నారు. ఇక్కడ ఆగితే బెల్లుకి అందదు. ఆగుతానని తనే మాటిచ్చి తీసుకొచ్చింది. హుర్లిమాన్ బ్రేకు మీద వేళ్లు బిగించింది.

"ఏం చేస్తున్నావ్?" అంది ఒగుల్జాన్.

"వచ్చేశాం కదా అత్తయ్యా."

ముసలావిడ బడి వైపు చూసింది, నిచ్చెన వైపు చూసింది.

"ఆపకు," అంది. "వచ్చేటప్పుడు చూద్దాం."

హుర్లిమాన్ బ్రేకు వదిలింది. సైకిలు పల్లంలోకి జారి వేగం అందుకుంది. ఒగుల్జాన్ ఒక చేత్తో కోడలి నడుం గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి మూడో వరస వైపు ఊపింది, బజారుకి పోతూ ఇంట్లోవాళ్లకి చెప్పినట్టు.