పువ్వు కోసం మిగిలిన గుట్ట

సద్దుల బతుకమ్మకు ముందురోజు పొద్దున దొర గడీ గుమాస్తా మాదిగవాడ మొదట్లో నిలబడి, కండువా కొంగుతో ముక్కు మూసుకుని కేక వేశాడు. వాడలోకి రావడం ఆయనకు అలవాటు లేదు. వాడలో కుట్టిన చెప్పులు తొడుక్కోవడం మాత్రం అలవాటే.

"ఓ సైదీ! పొద్దూకే యాళ్లకు గడీల తంగేడు పువ్వుండాలె. రెండు గంపలు. దొరసాని బతుకమ్మను నిరుటికన్న ఎత్తు పేర్చాలంటాంది."

సైదమ్మ లంద దగ్గర నుంచి లేచింది. లంద అంటే తోళ్లు నానబెట్టే గోలెం. ఆ ఇంటికి అదే పొలం, అదే పాడి.

"ఏ గుట్ట మీదికెల్లి తేవాలె పంతులూ?"

"పెద్దగుట్ట మీదికెల్లి. ఎన్నడు తేనట్టు అడుగుతవేందే?"

"పెద్దగుట్ట మీద రాళ్లున్నయి. తెమ్మంటె రెండు గంపలు కడిగి తెస్త."

గుమాస్తా కొంగు ముక్కు మీంచి జారింది. మళ్లీ సర్దుకున్నాడు. "చిన్నగుట్ట మీద లేదా?"

"ఉంది. పండుగ ఎల్లంగనె దాన్ని గూడ తవ్వాలని మీరే చాటింపు ఏయించిండ్రు గద. ముందు గడ్డపారలు పంపుతరా, గంపలు పంపుతరా?"

"నీ నోటి సంగతి నీ మొగనితోటి మాట్లాడుత" అని గుమాస్తా వెనుదిరిగాడు. వెట్టి చెప్పడానికి వచ్చినవాడు బదులు వినాల్సిన పని లేదు.

చదువరులకు ఇది పువ్వు సంగతిగా కనిపించవచ్చు. దేవరకొండ తాలూకాలోని ఆ ఎర్రగుంటపల్లెలో అన్నం సంగతి కూడా ఇదే. తంగేడు చెక్క, అంటే బెరడు, నానిన నీళ్లలోనే తోలు పదునెక్కుతుంది. ఆ తోలుతోనే మోటకు తొండం కుడతారు. తొండం ఉంటేనే బావి నీళ్లు మడికి ఎక్కుతాయి. తంగేడు ఆకు మడిలో తొక్కితే ఎరువు. తంగేడు వేరు గుట్ట మీది మన్నును పట్టుకుంటుంది. ఇన్నీ అయ్యాక, చివరికి, దొరసానికి పువ్వు.

మొన్నటి ఎండాకాలం ఒక గుత్తేదారు లారీ వేసుకుని వచ్చాడు. జర్మనీ యుద్ధం నడుస్తున్నది. పటాలానికి బూట్లు కావాలి, బూట్లకు తోలు, తోలుకు చెక్క. దొర పెద్దగుట్టను అతనికి ఇచ్చాడు. గుట్ట దొరదని ఎక్కడ రాసి ఉందో ఎవరూ అడగలేదు. కొట్టించే పనికి సైదమ్మ మొగుడు పెద్దులును మేస్త్రీని చేసి, తలకు ఎర్ర రుమాలు ఇచ్చారు. తోలు పని చేసేవాడి తలకు గడీ నుంచి గుడ్డ రావడం ఆ ఊళ్లో మొదటిసారి. పెద్దులు దాన్ని పడుకునేటప్పుడు కూడా తీయలేదు.

అంతకుముందు వాడవాళ్లు తంగేడును నేలకు జానెడు ఎత్తున కొట్టేవారు. నిరుడు కొట్టినచోట ఈ ఏడు కొట్టేవారు కాదు. ఎందుకు అంటే, "అత్త గట్లనే కొట్టేది" అనేది సైదమ్మ. అంతకుమించి ఆమెకూ తెలియదు. గుత్తేదారు తూకానికి కూలి ఇస్తానన్నాడు. వేరు మొదట్లో చెక్క మందం. జనం కొడవళ్లు పడేసి గడ్డపారలు అందుకున్నారు. కారణం తెలియని అలవాటు కూలి ముందు ఒక్క పొద్దు కూడా నిలవలేదు.

"వేర్లు పీకుతున్నరు, మల్ల మొలుస్తదా?" అని సైదమ్మ ఆనాడు అడగకపోలేదు.

"తంగేడును ఎవ్వడు నాటిండే?" అన్నాడు పెద్దులు. "ఎవ్వడు నాటంది ఎవ్వడు పీకినా పోదు. బతుకమ్మ పువ్వది. దానికి సావుంటదా?"

వాడ మొత్తం తల ఊపింది. దేవత పువ్వు కాబట్టి తానే చూసుకుంటుందని అందరూ నమ్మారు. సైదమ్మ కూడా నమ్మింది, గడ్డపార పట్టింది.

వానలు పడ్డాయి. పెద్దగుట్ట మీది మన్ను ఎర్రటి నీళ్లయి కుంటలోకి దిగింది. కుంట కింది మళ్లలో ఇసుక మేట వేసింది. ఒక్క మొక్క మొలవలేదు. ఊరు దాన్ని బోడిగుట్ట అనడం మొదలుపెట్టింది. పేరు మార్చడం సులువైన పని కాబట్టి అది వెంటనే జరిగింది.

గుమాస్తా వెళ్లిన కాసేపటికి ఐలేశం వచ్చాడు. కుంట కింద మడి, ఒక బావి ఉన్న రైతు. భుజం మీది మోట తొండాన్ని సైదమ్మ ముందు విసిరాడు. అది మధ్యలో పిగిలి ఉంది.

"ఏడాది కాలేదు. కుళ్లింది. గిది తోలా, తడిసిన రొట్టెనా?"

"చెక్క సాలక సగం నానబెట్టినం అయ్యా."

"చెక్క సాలకుంటె నాకేంది? ఏటా గింజలు కొలుస్తలేనా? నీ మొగడేడి?"

"మేస్త్రిగారు లోపలున్నరు. రుమాలు చుట్టుకుంటున్నరు."

లోపల దగ్గు వినిపించింది. పెద్దులు బయటికి రాలేదు.

"తుమ్మ చెక్క పెట్టరాదా?" అన్నాడు ఐలేశం.

"తుమ్మలు దొర లెక్కల ఉన్నయి. కొమ్మ ఇరిస్తె ఈపు ఇరుగుతది. అయినా ఐలేశమయ్యా, పెద్దగుట్ట తవ్వినప్పుడు చెక్క మోసిన బండ్లు ఎవరియి?"

ఐలేశం తొండాన్ని కాలితో జరిపాడు. రెండు బండ్లు అతనివే. తొండాన్ని అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం సైదమ్మకు ఇంకో వెట్టి తగిలింది. మళ్లలో ఇసుక మేట వేసి శిస్తు తగ్గుతుందని తాలూకాలో ఎవరికో గుబులు పుట్టి, వ్యవసాయ శాఖ ఉద్యోగి రఘుపతిని పంపారు. రైతులు తిండి లేకుండా పోతారని ఎవరికీ గుబులు పుట్టలేదు. రఘుపతి దొరను గుట్ట దగ్గరికి రమ్మన్నాడు. దొర వచ్చాడు. ఆయన కుర్చీని ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. గుట్ట అరిగిపోవడం చూడడానికి కూడా ఆయన కూర్చోవాలి.

రఘుపతి సైదమ్మ చేత రెండు కడవల నీళ్లు తెప్పించాడు. బోడిగుట్ట వాలు కింద ఒక తాంబాళం పెట్టి, పైనుంచి ఒక కడవ పోయించాడు. నీళ్లు క్షణంలో దిగాయి. తాంబాళంలో చిక్కటి ఎర్రబురద. పక్కనే చిన్నగుట్ట మీద, తంగేడు మధ్య, ఇంకో తాంబాళం పెట్టి రెండో కడవ పోయించాడు. నీళ్లు దిగలేదు. చాలాసేపటికి తాంబాళంలో కొంచెం తడి చేరింది. అందులో బురద లేదు.

దొర రెండు తాంబాళాలూ చూశాడు. "నీళ్లు కిందికి పోతయని చెప్పనీకె తాలూకా నుంచి వచ్చినవా?"

గుమాస్తా నవ్వాడు. కుర్చీ మోసినవాళ్లు నవ్వారు. అందరికన్నా గట్టిగా పెద్దులు నవ్వాడు. ఆ నవ్వు సైదమ్మ విన్నది.

"నీళ్లతో పాటు గుట్ట కూడా పోతున్నది దొరవారూ" అన్నాడు రఘుపతి. "తంగేడును గొడ్డు మేయదు. కరువుకు అది చావదు. ఈ రాతినేలలో మన్నును పట్టి నిలిపేది అదే. చిన్నగుట్టను మూడు పాళ్లు చేయించండి. ఏటికొక పాలు, జానెడు మోడు వదిలి కొట్టించండి. మూడు పాళ్లూ అయ్యేసరికి మొదటి పాలు చిగిర్చి నిండుతుంది. పాలుకు కొన్ని చెట్లు విత్తనానికి వదిలేయండి. చెక్క ఏటా వస్తుంది, గుట్టా ఉంటుంది."

"అంటే నా గుట్టను నేను మూడేండ్లు తినాల్నా?" అన్నాడు దొర. "ఒక్క పూటల తినే తాకత్ నాకుంది."

మళ్లీ నవ్వులు. కుర్చీ లేచింది. రఘుపతి తాంబాళం వంచి బురద పారబోశాడు.

సైదమ్మ కడవలు ఎత్తుకుంది. అత్త జానెడు మోడు ఎందుకు వదిలేదో ఆమెకు అప్పుడు తెలిసింది. అత్తకు అలవాటు ఉంది, కారణం తెలియదు. ఈ సారుకు కారణం తెలుసు. ఆ రెండూ ఒకచోట కలిసి ఉంటే పెద్దగుట్ట పోయేది కాదు.

సాయంత్రం ఆమె చిన్నగుట్ట మీద దొరికినంత పువ్వు కోసి గడీ వెనక వాకిట్లో పెట్టింది. రెండు గంపలు కాదు, ఒక గంపలో సగం. దొరసాని సుగుణమ్మ వచ్చి గంపను చూసింది.

"గింతేనా? గునుగు పువ్వు గంపలకు గంపలుంది, తంగేడు గుప్పెడు. తంగేడు లేకుంటె అది బతుకమ్మ ఎట్లయితది? పక్కూరి గడీ ఆడోళ్ల ముందట నా బతుకమ్మ కూలవడ్డట్టు ఉండాల్నా?"

సైదమ్మ చేతులు కట్టుకుంది. "నీ బాంచెన్ దొరసానీ, గీ ఏడు గిదన్న ఉంది. పండుగ ఎల్లినంక చిన్నగుట్ట గూడ తవ్వుతరట. వచ్చే ఏడు కాయితం పువ్వులు పేర్చుకోవాలె."

సుగుణమ్మ గుమాస్తా వైపు చూసింది. గుమాస్తా నేల వైపు చూశాడు. ఆమె లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే డప్పు చాటింపు వినపడింది. చిన్నగుట్ట మీద ఎవరూ గడ్డపార వేయరాదని గడీ ఆజ్ఞ. ఊరి మళ్లు ఇసుక కింద పోతే కదలని దొర, బతుకమ్మ ఎత్తు తగ్గుతుందంటే కదిలాడు. రెండు కడవల నీళ్లు, రెండు తాంబాళాలు, ఒక ఉద్యోగి చదువు చేయలేని పని సగం గంప పువ్వు చేసింది.

వాడలో సంబరం మొదలైంది. పెద్దులు ఎర్ర రుమాలు కొత్తగా చుట్టుకుని బయటికి వచ్చాడు. "మన దొరసాని ఎల్లమ్మ తల్లి అసోంటిది" అన్నాడు. ఐలేశం కూడా వచ్చాడు. ఇక తొండం గట్టిగా వస్తుందని అతని ఆశ.

తాలూకాకు తిరిగి పోతున్న రఘుపతి బండి వాడ మొదట్లో ఆగింది. ఆయన దిగి, ముక్కు మూసుకోకుండా, లంద దాకా నడిచి వచ్చాడు.

"గుట్ట మిగిలింది సారూ" అన్నాడు పెద్దులు.

"ఎందుకు మిగిలింది?"

"దొరసానికి పువ్వు కావాలె."

"వచ్చే ఏడు దొరసాని గునుగు చాలంటే?"

పెద్దులు డప్పు వైపు చూశాడు.

"నిన్న నేను చెప్పింది దొరకు ఎక్కలేదు" అన్నాడు రఘుపతి. "ఆయనకు ఎక్కాల్సిన అవసరం లేదు. గుట్ట పోతే ఆయన ఇంకో గుట్ట అమ్ముతాడు. మీకు ఇంకో గుట్ట లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరు తినే దాని లెక్క మీకు తెలియాలి. ఎంత కొడితే ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది, ఏది ముట్టకూడదు, ఎందుకు ముట్టకూడదు. ఇది దేవత చూసుకునే పని కాదు, దొరసాని చూసుకునే పనీ కాదు."

"మేం లెక్క పెట్టుకుంటం సారూ" అన్నాడు ఐలేశం. "రేపు గుమాస్తా గడ్డపారలు తెచ్చి తవ్వుండ్రంటె?"

సైదమ్మ నవ్వింది. ఆ నవ్వులో మర్యాద లేదు.

"తెస్తె ఏమైతది? పంతులు తవ్వుతడా? ముక్కు మూసుకునే చెయ్యి ఒకటి, కండువ పట్టుకునే చెయ్యి ఒకటి. గడ్డపార దేనితోటి పట్టుకుంటడు? దొర తవ్వుతడా? ఆయన కుర్చీల కెల్లి లేవనీకె ఇద్దరు కావాలె. పెద్దగుట్టను దొర తవ్విండనుకుంటున్నరు గదా మీరు. దొర ఒక్క ఏరు పీకలే. నేను పీకిన. గీ మేస్త్రి పీకించిండు. నీ బండ్లు మోసినయి. మనం చెయ్యి ఎయ్యకుంటె ఆ గడీకి చిన్నగుట్ట మీద పుల్ల ఇరవనీకె గూడ తాకత్ లేదు."

"కొడితె?" అన్నాడు పెద్దులు మెల్లగా.

"కొడ్తడు. తవ్వినప్పుడు మాత్రం కొట్టలేదా? ఈపు మీద వాతలు మానుతయి. బోడిగుట్ట మానిందా?"

ఆమె చెయ్యి చాచి మొగుడి తల మీది రుమాలు లాగింది. పెద్దులు పట్టుకోబోయి ఆగాడు. ఆమె దాన్ని పీలికలుగా చింపింది. గుడ్డ పాతబడలేదు కాబట్టి చింపడానికి పళ్లు కావలసి వచ్చింది.

"సారూ, ఇత్తనానికి ఇడిసే చెట్లు ఏవో సూపియ్యి. కడ్తం. వీటిని ముట్టద్దని కండ్లు లేనోనికి గూడ ఎరుకయితది."

రఘుపతి బండిని పంపేసి వాళ్లతో పాటు చిన్నగుట్ట ఎక్కాడు. ఐలేశం, పెద్దులు బండరాళ్లు దొర్లించి గుట్టను మూడు పాళ్లుగా విడదీశారు. ఏ పాలు ఏ ఏడు కొట్టాలో సైదమ్మ అందరి చేతా గట్టిగా చెప్పించింది. ఎర్ర పీలికలు కట్టిన తంగేడు చెట్లు గుట్ట కిందినుంచి కనబడ్డాయి. దూరంగా గడీ ముందు దొరసాని బతుకమ్మను ఎత్తారు. నిరుటికన్నా పొట్టిగా ఉంది.

పెద్దులు రుమాలు లేని బోడి తలతో కిందికి చూశాడు. "అయినా దొరసాని మేలు చేసింది" అన్నాడు, రుమాలు మీద ఆశ పూర్తిగా చావని గొంతుతో.

"ఏం మేలు?" అంది సైదమ్మ. "ఒకని దయతోటి మిగిలిన గుట్ట గా దయ తీరంగనె పోతది. లెక్క ఎరిగి మనం ఇడిసిపెట్టిందే మనకు మిగుల్తది."