ఆయన తెలుపు

మానిటరు అద్దాన్ని మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి తుడిచి, కిటికీ తెర సగం దించి, బల్ల మీది దీపం ఆర్పితేగాని ఆయన కుర్చీలో కూర్చోడు. రంగులు చూసే పనికి వెలుగు ఎటునుంచి పడుతోందో తెలిసి ఉండాలంటాడు. ఆ ఉదయం కూడా అంతే చేశాడు. కుడికంటికి శుక్లం తీయించుకుని, కట్టు విప్పాక పనిలోకి వచ్చిన మొదటి రోజు అది. నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, సాయంత్రం విడుదల కావలసిన వెర్షను తెరిచాడు.

తెలుపు నీలంగా ఉంది.

మానిటరు చెడిపోయిందనుకున్నాడు. ఇన్నాళ్లు ముట్టుకోకపోతే చెడిపోక ఏంచేస్తుంది అని విసుక్కుని, వెనక తీగ లాగి మళ్లీ పెట్టాడు. నీలం నీలంగానే ఉంది.

ఆయన పనిచేసే కంపెనీ అమ్మేది ప్రోగ్రాములు కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్లకు కావలసిన సరంజామా. కంప్యూటరు తెర మీద కిటికీలు, అంటే విండోలు తెరిచి, మూసి, ఒకదాని మీద ఒకటి పరిచే కోడు మూట, వాళ్ల మాటల్లో లైబ్రరీ అది. అందులో రంగుల పట్టిక ఈయనది. దాన్ని వాడుకునే ప్రోగ్రామరు ఫలానా రంగు కావాలని అడగడు. నేల రంగు ఇవ్వు, అక్షరాల రంగు ఇవ్వు, నొక్కడానికి వీల్లేని బటను రంగు ఇవ్వు అంటాడు. ఏది ఏ రంగో పట్టిక చెబుతుంది. పిల్ల కిటికీకి వేరే రంగు చెప్పకపోతే తల్లి కిటికీ రంగే వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి ఒక్క ముక్కలో చెప్పేవాడు: ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఆస్పత్రి మంచాల పక్కనుండే తెరలు, టికెట్ల కౌంటర్లు, గ్రంథాలయాల్లో పుస్తకాలు వెతికే యంత్రాలు, అన్నీ ఆ ఆవుకు పుట్టిన దూడలే.

చెప్పుకోదగ్గ జీవితం కాదు ఆయనది. ఒకటే ఉద్యోగం, ఒకటే కుర్చీ, రెండుసార్లు బాగుచేయించిన ఒకటే గొడుగు. తన తర్వాత చేరినవాళ్లు తనకు పై అధికారులైనా తలెత్తి చూడలేదు. ఆఫీసులో అందరికీ రంగులాయన. గర్వమంటూ ఉంటే తన కంటిచూపు మీదే. వెంట్రుకవాసి తేడా ఉన్న రెండు బూడిదరంగులను గదికి అవతలి మూలనుంచి విడదీసి చెప్పేవాడు. చాలా ఏళ్ల కిందట కంపెనీ రంగు కొలిచే పరికరం కొంటే, ఒకసారి వాడి చూసి, "నా కంటితో సరిపోయింది, బాగానే పనిచేస్తోంది" అని దానికి మార్కులు వేసి సొరుగులో పడేశాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ పక్క బల్ల దగ్గర, ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే టెస్టరమ్మాయి ఉంటుంది. ఇద్దరు పిల్లల తల్లి, చెవి దగ్గర నెరిసింది, అయినా అందరికీ టెస్టరమ్మాయే. కిందటి రెండు వెర్షన్లలోనూ తెలుపు నీలంగా ఉందని ఆమె ఫిర్యాదు రాసింది. రెండుసార్లూ లోపం ఆమె మానిటరుదని తేల్చి, రెండుసార్లూ దాన్ని మార్పించాడు. ఈసారి ఆమె రాయడం మానేసింది.

ఇప్పుడు కుడికన్ను చేత్తో మూశాడు. తెలుపు శుభ్రంగా ఉంది. ఎడమకన్ను మూశాడు. నీలం. మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచాడు.

ఎడమకంట్లో శుక్లం ఇంకా అలాగే ఉంది. శుక్లం ముదిరేకొద్దీ కంటికి పసుపు చాయ కమ్ముతుందని డాక్టరు చెప్పింది. తనకు కాదులే అనుకుని విన్నాడు. తెలుపు మాసినట్టు కనిపించినప్పుడల్లా ఒక్క పిసరు నీలం కలిపి దాన్ని నిలబెట్టాడు. వెర్షనుకొక్క పిసరు కనుక టెస్టరమ్మాయి తప్ప ఎవరూ గమనించలేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఈయన అక్కడితో ఆగలేదు, లోకమంతటికీ నీలిమందు పెట్టాడు.

అంతలో మేనేజరు వచ్చి కుశలమడిగాడు. నెలాఖరుకు రిటైర్ కావలసిన ఆయనకు మరో రెండేళ్లు పొడిగింపు వచ్చిందని, సాయంత్రం సంతకం పెడితే సరిపోతుందని చెప్పి వెళ్లాడు. ఆ రెండేళ్లు ఆయనకు కావాలి. ఇంట్లో ఊరికే కూర్చున్న తనను ఎంత ఊహించుకున్నా బొమ్మ కట్టలేదు. ఇప్పుడు నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. తర్వాత వెర్షనుకొక్క పిసరు వెనక్కి లాక్కోవచ్చు. కానీ ఈ సాయంత్రం వెళ్లేది యంత్రాల్లోకి ఎక్కి ఏళ్లపాటు మారకుండా ఉండిపోతుంది.

మధ్యాహ్నం కంట్లో మందు వేయించుకోవడానికి వెనక వీధిలో ఉన్న భార్య కుట్టు దుకాణానికి వెళ్లాడు. చుక్క సూటిగా వేసుకోవడం ఆయనకు చేతకాదు. ఆమె మిషను ఆపి, ఆయన గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచి, చుక్క వేసి, కన్ను మూసుకుని కదలకుండా కూర్చోమంది. కన్ను తెరిచేసరికి ఎదురుగా దారాల అర, దాని కింద మూత లేని బిస్కెట్ల డబ్బా. డబ్బా నిండా మీగడ రంగు రీళ్లు.

"ఇన్నెందుకు?" అని అడిగాడు.

"అన్నీ మీరు తెచ్చినవే. తెల్లదారం తెమ్మన్నప్పుడల్లా."

"మరి చెప్పలేదేం?"

"మీ కంటికి వంకపెట్టి నెగ్గినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేనే మళ్లీ వెళ్లి తెచ్చుకునేదాన్ని."

ఆయనకు నవ్వు వచ్చింది. వెనకాలే సిగ్గు వచ్చింది. నవ్వినంతసేపు నవ్వి, పొద్దున చూసిందంతా పూస గుచ్చినట్టు ఆమెకు చెప్పాడు. పొడిగింపు సంగతి కూడా దాచలేదు. ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ విన్నది.

"నాకైతే పక్కవీధిలో కొట్టు ఉంది. మీ తెలుపు కొనుక్కున్నవాళ్లు ఎక్కడికెళ్లి తెచ్చుకుంటారు?" అంది.

ఆయన డబ్బాలోంచి ఒక రీలు తీసి జేబులో వేసుకున్నాడు.

ఆఫీసుకు వచ్చి దాన్ని టెస్టరమ్మాయి బల్ల మీద నిలబెట్టాడు.

"ఇదేం రంగమ్మా?"

"మీగడ రంగు సార్."

"నేను తెలుపని కొన్నాను. నీ మానిటర్లు రెండూ బాగానే ఉన్నాయి. నా కన్నే బాగాలేదు. నువ్వు రాసింది నిజం."

ఆమె నవ్వలేదు, గెలిచినట్టు చూడనూ లేదు. లేచి వెళ్లి ఆయన సొరుగులోంచి ఆ పరికరం తీసుకొచ్చి, ఒరలోంచి తీసి దుమ్ము ఊదింది. మధ్యాహ్నమంతా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఏ రంగు ఎక్కడ దేనికి తగులుతుందో ఆయన చెప్పాడు, అది ఎంత ఉండాలో ఆమె కొలిచి చెప్పింది. తల్లి కిటికీలో తెలుపు దిద్దగానే పిల్ల కిటికీలన్నీ వరసగా తేటపడ్డాయి. పాత పట్టికను ఆయన చెరిపేయబోతే ఆమె అడ్డుపడింది. ఇన్నాళ్లూ శుక్లాలున్న తమ అమ్మ తెర మీద హాయిగా చదువుకుంటున్నది ఆ నీలంతోనేనని, అలాంటి కళ్లున్నవాళ్లు ఎంచుకునేలా దాన్ని రెండో పట్టికగా ఉంచుదామని అంది. తన తప్పుకు కూడా ఒక కుర్చీ దొరికిందని ఆయన సంతోషపడ్డాడు.

సాయంత్రం మేనేజరు కాగితం తెచ్చాడు. ఆయన జరిగింది చెప్పి, కలం ముట్టుకోకుండా కాగితాన్ని వెనక్కి జరిపాడు. కళ్లు బాగవుతున్నాయి కదా, ఇక అడ్డేముందని మేనేజరు అడిగాడు.

"అదేనండీ చిక్కు. రెండు కళ్లూ బాగైతే మళ్లీ నా మాటే గెలుస్తుంది. ఈవిడ సరిగ్గా చూసిన రోజుల్లో కూడా నేనే గెలిచాను. ఈ కుర్చీ ఆవిడకి ఇవ్వండి."

నెలాఖరుదాకా సరిపడా సెలవులున్నాయి కనుక మర్నాటినుంచి రానన్నాడు. విడుదల మీట ఆమె చేతే నొక్కించాడు. తర్వాత మానిటరు అద్దం పైనుంచి కిందికి తుడిచి, కిటికీ తెర పూర్తిగా ఎత్తి, నల్లద్దాలు పెట్టుకుని, గొడుగు చంకన పెట్టుకున్నాడు. దండలూ ఉపన్యాసాలూ లేవు. చాలామంది అప్పటికే బస్సు పట్టుకోవడానికి వెళ్లిపోయారు. ఇకమీదట దారం తెచ్చే పని నాదే, కుడికంటితో చూసి కొంటానులే అని ఫోనులో భార్యకు చెబుతూ మెట్లు దిగడం టెస్టరమ్మాయికి వినిపించింది.

మర్నాడు పొద్దున ఆమె ఆయన కుర్చీలో కూర్చోవడానికి కొంచెంసేపు వెనకాడింది. గుడ్డ తీసుకుని అద్దం తుడిచింది. కిటికీ తెర సగం దించింది. తన పాత బల్ల మీదినుంచి ఒక్కటే తెచ్చి పెట్టుకుంది. మానిటరు కాలి దగ్గర, ఆయన తెలుపనుకుని కొన్న మీగడ రంగు దారం రీలు, కొస విప్పకుండా నిలబడి ఉంది.