ఎలామ్ రాతి మీది పేరు

ఆ మెరక మీది శ్మశానంలో మొదటి సమాధి థర్జా ప్రూయిట్ భర్తది. ఎడ్లబండ్ల మీద అమెరికా పడమటి కొసనున్న ఓరెగాన్ లోయకు వచ్చిన ఏడాదే అతను జ్వరంతో పోయాడు. తమ గోధుమచేలోనే థర్జా గొయ్యి తవ్వి పూడ్చింది. తరవాత ఇరుగుపొరుగు పిల్లలు గొంతువాపుతో పోతుంటే, "ఇక్కడే పూడ్చుకోండమ్మా, మా ఆయనకీ తోడుంటారు" అంది. అలా చేను కాస్తా ఊరి శ్మశానమైంది. భూమి మాత్రం థర్జాదే.

చివరికి ఒక్కగానొక్క కొడుకు ఎలామ్‌నూ అక్కడికే మోసుకెళ్ళాల్సి వచ్చింది. పిండిమర యజమాని కోల్‌మన్ ఛాఫీ వాగునీళ్ళన్నీ తన మరకు మళ్ళించుకున్నాడు. చేలు ఎండుతుంటే ఎలామ్ పార పట్టుకెళ్ళి గట్టు తెంచాడు. ఛాఫీ అతన్ని వెనకనుంచి కాల్చేశాడు. ఎలామ్ చేతిలో తుపాకీ ఉందని ఛాఫీ భార్య లొవీనా కోర్టులో బైబిల్ మీద చెయ్యేసి చెప్పింది. జ్యూరీలో కూర్చున్నవాళ్ళంతా ఆ మరలో పిండి ఆడించుకునేవాళ్ళే. ఛాఫీని వదిలేశారు. ఆ సాయంత్రమే అతను వాళ్ళందరికీ విస్కీ పోయించాడు.

థర్జా ఏడవలేదు. రాళ్ళు చెక్కే గోట్లీబ్ దగ్గరికి వెళ్ళింది.

"ఏం చెక్కమంటావమ్మా? 'ప్రభువులో నిద్రించెను' అనా?"

"నిద్రపోయాడా వాడు? చంపారు. అదే చెక్కు. 'ఎలామ్ ప్రూయిట్. కోల్‌మన్ ఛాఫీ వెనకనుంచి కాల్చి చంపాడు.' ఛాఫీ పేరు నా కొడుకు పేరంత పెద్దగా ఉండాలి."

గోట్లీబ్ గడ్డం గోక్కున్నాడు. "నేనూ ఆ మరకే వెళ్ళాలి కదమ్మా."

"నా ఇంట్లో తిరగలి ఉంది. నీ గోధుమలు నేను విసిరిపెడతా. చెక్కు."

ప్రార్థనకు వెళ్ళే బాట ఆ రాతి పక్కనుంచే. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలు ఛాఫీ పేరును కూడబలుక్కుని పైకి చదివేవాళ్ళు. ఛాఫీ గుర్రమేసుకుని థర్జా గుమ్మం ముందుకొచ్చాడు.

"ఏమే ముసలిదానా, కోర్టే నన్ను వదిలేసింది. మధ్యలో నువ్వెవతివే?"

"కోర్టు వదిలేసింది, నేను వదల్లేదు. రాసింది అబద్ధమైతే మళ్ళీ కోర్టుకెళ్ళు. నా కొడుకు వీపు సంగతి అక్కడే తేల్చుకుందాం."

కొన్నాళ్ళకు రాయి ముక్కలై పడి ఉంది. థర్జా ఎవరినీ అడగలేదు. పాడి ఆవును గోట్లీబ్‌కు తోలుకెళ్ళి ఇచ్చేసి, నల్లరాయి తెప్పించి, అవే మాటలు మరింత లోతుగా చెక్కించింది.

లోయకు కొత్తగా వచ్చినవాళ్ళు, "రాతి మీద ఉన్నది ఈయనేనా?" అని ఛాఫీని వేలెత్తి చూపేవాళ్ళు. అతని కూతుర్ని చూసుకోవడానికొచ్చిన కుర్రాడు ఆ రాయి చదివి గుర్రాన్ని వెనక్కి తిప్పేశాడు. ఛాఫీ ప్రార్థనకు రావడం మానేశాడు.

ఒక చలికాలం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. శవాన్ని పట్నం తీసుకెళ్ళి పూడ్చాలనుకుంది లొవీనా. కానీ వరదకు నదిమీది బల్లకట్టు కొట్టుకుపోయింది. తడిసిన పావడాతో, వణుక్కుంటూ థర్జా ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, వేరే దారి లేదు. ఏ మూలైనా ఇంత చోటియ్యి."

"మూలెందుకు? ఎలామ్ కాళ్ళ దగ్గర ఖాళీగా ఉంది. పూడ్చుకో."

లొవీనా మొహం పాలిపోయింది. "ఆ రాయి ఎదురుగానా? చచ్చినవాడి మీద కూడా పగేనా అక్కా?"

"నా కొడుకూ చచ్చినవాడే. వాడి మీద అబద్ధం చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది?"

"తప్పే. నీ కాళ్ళు పట్టుకుంటా, రాతి మీది ఆ ఒక్క మాటా చెరిపించు."

"చోటిస్తా. మాట చెరపను."

గొయ్యి పూడ్చేదాకా థర్జా వానలో నిలబడి చూసింది. ఇంటికొచ్చి, బూట్ల బురద గీకేసుకుని, పొయ్యి రాజేసి, పందిమాంసం వేయించుకుని కడుపునిండా తింది. ఎలామ్ పోయాక ఆమెకు ఆకలేయడం అదే మొదటిసారి.