మర్యాదస్తుల దగ్గు

టీవీల షోరూం మేనేజరుకు రెండు నెలలుగా దగ్గు. ఇంట్లో దాన్ని ఎలర్జీ అనేవారు. ఎలర్జీ అయితే ఏసీ ఉన్నవాళ్ళకే వస్తుందని వాళ్ళ నమ్మకం. చివరికి కఫం పరీక్షలో టీబీ అని తేలింది.

"పొరపాటయ్యుంటుంది డాక్టరుగారూ. మాది సొంత ఫ్లాటు."

"ఆ సంగతి క్రిమికి ఎవరూ చెప్పినట్టు లేరండి" అంది డాక్టరమ్మ. "ప్రపంచంలో ఏటా కోటిమందికి పైగా ఈ జబ్బు వస్తోంది. తిండి చాలనివాళ్ళకి, ఇరుకు గదులవాళ్ళకి, షుగరున్నవాళ్ళకి ఎక్కువ. అలాగని మిగతావాళ్ళని వదలదు. గాలి పీల్చేవాళ్ళెవరికైనా రావచ్చు. మీ పాపని కూడా తీసుకురండి, చూడాలి."

పాపకి నాలుగేళ్ళు. కబురు వినగానే భార్య కూలబడింది. ఆమె అన్న రెక్కలు కట్టుకుని వాలాడు. ఈ బావంటే మేనేజరుకు ప్రాణం. ఆదివారమొస్తే బావ ఇంట్లో తలుపులు బిగించి, ఏసీ వేసి పేకాట. పాప బావ ఒళ్ళో కూర్చుని ముక్కలు అందించేది.

"ఊరుకో చెల్లీ, ఆర్నెల్లు మందులు మింగితే పోతుంది" అని, మాస్కు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్న మేనేజరు వైపు తిరిగాడు. "బావా, మాత్రలు పరగడుపున వేసుకో. మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తమనుకుని హడలి చావకు."

ఆ ఎరుపు సంగతి డాక్టరమ్మ మేనేజరొక్కడికే చెప్పింది. భార్యకి కూడా తనింకా చెప్పలేదు.

"నీకెలా తెలుసు బావా?"

"ఎవరో అన్నార్లే."

"ఎవరు?"

బావ ఫ్యాను వైపు చూశాడు. "నిరుడు నాకూ వచ్చింది. తగ్గిపోయిందిలే."

"నిరుడు మింగినవి వెన్నునొప్పి మాత్రలన్నావు!"

"పరువు బావా! మనలాంటివాళ్ళకి ఇలాంటి రోగమంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"నువ్వు నిరుడు ఎండాకాలమంతా మా మొహాల మీద దగ్గావు. ఒక్క మాట చెప్పుంటే అందరం అప్పుడే చూపించుకునేవాళ్ళం. నా దగ్గుని ఎలర్జీ అనుకుని రెండు నెలలు పాపని పక్కనేసుకుని పడుకునేవాణ్ణా?"

"చెప్దామనే అనుకున్నా. ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి."

"ముక్కలు పంచాక మర్చిపోయేవాడివా?"

పాప అలవాటుగా "మామయ్యా, ఎత్తుకో" అని చేతులు చాచింది. భార్య లేచి పాపని చంకనేసుకుంది, చెప్పులు వేసుకుంది.

"పరీక్షకి వెళ్తున్నాం అన్నయ్యా. నువ్వు బయల్దేరు."

భోంచేసి వెళ్ళమని ఆమె అనలేదు.