యాభై నాలుగు గంటలు

పన్నెండింటికి పర్యవేక్షణాధికారి గదికి రమ్మని పొద్దున్నే కబురొచ్చింది. అప్పట్నుంచీ లెక్చరరమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆమెది ఏడాది కాంట్రాక్టు. పొడిగిస్తారో లేదో ఈ నెలాఖరున తేలుతుంది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

బోధనకు పెడుతున్న ఖర్చు ఎటు పోతోందో చూడాలని విశ్వవిద్యాలయం అధ్యాపకులందరినీ వారం వారం గంటల పట్టిక నింపమంది. గణితశాఖలో దానికో పద్ధతి ఉంది. పెద్ద ప్రొఫెసరుగారు సోమవారం పొద్దున్నే రాబోయే వారమంతా రాసి పడేస్తారు. తక్కినవాళ్లు దాన్నే చూసి ఎక్కిస్తారు. అందరికీ ముప్పై ఎనిమిది గంటలే. గొర్రెల మంద కూడా అంత వరసగా నడవదు! ఈమె కొత్తది, ఆ సంగతి తెలియక నిజం రాసింది. పరీక్ష తప్పిన పిల్లలకు రోజూ సాయంత్రం చెప్పేది కూడా కలిపితే యాభై నాలుగు తేలింది.

అధికారి బల్ల మీద ఏడు పట్టికలున్నాయి. పక్క కుర్చీలో పెద్ద ప్రొఫెసరుగారున్నారు.

"ఆరుగురివి నిమిషం తేడా లేకుండా సరిపోయాయి. మీదొక్కటే తేడా. మరి తప్పెవరిదంటారమ్మా?" అన్నాడు అధికారి.

నిజం చెబితే ఆరుగురి గుట్టూ రట్టవుతుంది. ఆమె పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆ పక్క కుర్చీలోని మనిషే.

"కూడికలో ఎక్కడో పొరపాటు పడుంటుందిలెండి, పాపం," అని నవ్వారు పెద్దాయన.

లెక్కలు చెప్పే మనిషికి కూడిక రాదట! ఇంకో రోజైతే ఒళ్లు మండేది. ఇప్పుడు మాత్రం భయంతో ఆ మాటనే పట్టుకుంది.

"అవునండీ, తప్పు రాశాను."

"మంచిది. అయితే సాయంత్రం క్లాసులు లేనట్టేగా. ఆ గదీ, ఆ లైట్లూ దండగ ఖర్చు. ఇవాళే తాళం వేయిస్తాను. ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టింది.

సాయంత్రం ఐదింటికి తాళం వేసిన తలుపు ముందు పదకొండు మంది నోటుపుస్తకాలతో నిలబడి ఉన్నారు. ఆమెను చూడగానే ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, గది మూసేశారు. మన క్లాసు మెట్ల మీద పెట్టుకుందామా? సోమవారమే పరీక్ష కదా."

వరండా చివర నిలబడి అధికారి ఇటే చూస్తున్నాడు.

"ఏ క్లాసమ్మా?" అంది, ఆ పిల్ల ముఖంలోకి చూడకుండా.