రెండు చుక్కల గుర్తు

భిక్షం అడ్వాన్సు వద్దన్నప్పుడే పద్మలతకు అతని మీద నమ్మకం పోయింది.

"పైసలకేమున్నదమ్మా, పనైనంక సూసుకుందాం. డబ్బ మాత్రం మొత్తం ఇడిసి పోవాలె. నెల రోజులు పడ్తది" అన్నాడతను, డబ్బా మీదినుంచి చెయ్యి తియ్యకుండానే.

గాజులరామారంలో ఒక ఇరుకు సందు చివర రేకుల షెడ్డు అతనిది. చిక్కటి రెజిన్‌ను రబ్బరు అచ్చుల్లో పోసి గిఫ్టు షాపులకు వినాయకుళ్ళూ గుర్రాలూ చేస్తాడు. మోడళ్ళు బిగించి రంగులు కూడా వేస్తాడని పద్మలత భర్త నగేష్‌కు ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. భర్త మాట్లాడుతుంటే పద్మలత బల్ల మీది వినాయకుణ్ణి ఎత్తి తిరగేసి చూసింది. పీఠం కింద ఎవరిదో బొటనవేలి ముద్ర, మధ్యలో కోత గీతతో సహా. పక్కదాని కిందా ఉంది. ఆ పక్కదాని కిందా ఉంది. ఏం మనిషో, తడి ఆరకముందే అన్నిటికీ వేలు పెడతాడు అనుకుంది.

డబ్బాలో ఉన్నది ఇంకా విమానం కాని విమానం. మొత్తం నలభై మూడు ముక్కల సెట్టు, ఒక్కటి తక్కువ. ఆమె మామగారు కుర్మయ్య హకీంపేటలో ఇరవై ఆరేళ్ళు శిక్షణ విమానాలకు ఫిట్టరుగా పనిచేశాడు. అప్పటి ఆఫీసరు ఒకాయన రిటైరై బెంగళూరులో ఉంటూ, ఆ విమానానికి చిన్న నమూనా చేయించి, పాతిక సెట్లు పోత పోయించి, ఒకటి కుర్మయ్యకు పంపాడు. 'నీ చేత్తో బిగించుకో. అచ్చులు అరిగిపోయాయి, ఇక రావు' అని ఉత్తరం రాశాడు. అది చేరేనాటికి కుర్మయ్యకు ఒక కంట్లో శుక్లం, రెండో కంటికి ఆపరేషన్. ముక్కల్ని వేళ్ళతో తడిమి పోల్చుకునేవాడు తప్ప అతికే చూపు లేదు.

"నేను చేస్త మామా" అంది పద్మలత మొదట్లో. కాలేజీలో కప్ప నరాలు తెగకుండా విడదీసిన చెయ్యి తనది.

నగేష్ నవ్వాడు. "కప్పనైతే కోస్తివి. దీన్ని అతకాలె. మొదటిసారి చేసుడు, ఖరాబైతే? అటెన్క బాపు మొఖం ఎట్ల సూస్తవ్?"

ఆ మాటతో ఆమె పని తెలిసినవాడికి ఇవ్వడానికే ఒప్పుకుంది. కానీ గాజులరామారం బయల్దేరే ముందు జామెట్రీ పెట్టెలోని సూదితో ఇవ్వబోయే ప్రతి ముక్కకూ అడుగున, సులువుగా కనపడనిచోట, రెండు చుక్కలు పొడిచింది. పెళ్ళికో పేరంటానికో గిన్నెలు బయటికి ఇచ్చేటప్పుడు వాళ్ళమ్మ వేయించిన గుర్తు అదే. ఇంట్లో ప్రతి స్టీలు గ్లాసు మీదా ఉంది. ఎవరింట్లో కలిసిపోయినా తిరిగి ఇంటికి వచ్చింది.

ఒక్క ముక్కను మాత్రం కుర్మయ్య ఇవ్వలేదు. చిటికెన వేలంత పైలట్ బొమ్మ. దాన్ని విమానం సీట్లో కూర్చోబెట్టాడు. బొమ్మ తేలిగ్గా జారి కూర్చుంది. మళ్ళీ తీసి కళ్ళద్దాల డబ్బాలో పెట్టుకున్నాడు.

"గీయన నా తాన్నే ఉంటడు. ఇమానం తయారైనంక ఎక్కుతడు."

నెల అన్నవాడు పన్నెండో రోజునే దూలపల్లిలో వాళ్ళింటికి వచ్చాడు. టీవీఎస్ బండి వెనక డబ్బా కట్టి ఉంది. ఒక్క ముక్కా అతకలేదు.

"నాతోని కాదమ్మా. ఆర్డర్లు మస్తున్నయ్. ఇంకెవలకన్న ఇయ్యిరి."

పద్మలత అతణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి నలభై రెండు ముక్కలూ చాప మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు తిప్పి చూసింది. రెండు చుక్కలు. రెండు చుక్కలు. అన్నిటికీ ఉన్నాయి. ఆమెకు తల కొట్టేసినట్టయింది. లోపలికి పిలిచి టీ ఇచ్చింది.

అతను వెళ్ళాక నగేష్ ఊరుకోలేదు. "పోలీసోళ్ళ లెక్క తనిఖీ జేస్తివి గద! పాపం, టీ గూడ భయపడుకుంట తాగిండు."

భయమెందుకు, అనుకుంది పద్మలత.

కుర్మయ్య అప్పటికే కళ్ళద్దాల డబ్బా తెరిచాడు. పైలట్‌ను సీటు దగ్గరకు తెచ్చాడు. నొక్కాడు. పక్కకు తిప్పి మళ్ళీ నొక్కాడు.

"బిడ్డా, గీనె కూసుంట లేడు."

"కన్ను అంచనా తప్పిందేమో బాపూ" అన్నాడు నగేష్.

"నా ఏలుకు శుక్లం రాలేదురా!"

పద్మలత కాగితం తెచ్చింది. సెట్టుతో వచ్చిన ఆ కాగితం మీద ప్రతి ముక్క బొమ్మా అసలు కొలతలోనే ఉంది. విమానం పొట్టను బొమ్మ మీద పెట్టింది. తోక దగ్గర వడ్లగింజ మందం తక్కువ. రెక్కా అంతే. అప్పుడు గుర్తొచ్చాయి, వరసగా నిలబడ్డ వినాయకుళ్ళూ వాటి పీఠాల కింది ముద్రలూ. ఒకే వేలు మాత్రమే కాదు, అన్నిటి కిందా ఒకే చోట, ఒకే వాలులో అదే కోత గీత. అతను వేలు పెట్టింది ఒక్కసారే. మిగతా అన్నిటికీ పెట్టింది అచ్చు. వేలిముద్రను పట్టుకున్న రబ్బరు తన చుక్కల్ని వదిలేస్తుందా? గిన్నెలు మారిపోకుండా కాసిన గుర్తు, పోత పోసేవాడి ముందు ఎందుకూ పనికిరాలేదు. కాటుకతో ఇంత బొట్టు పెట్టినా సరిపోయేది!

"మనకిచ్చింది నకలు" అంది. "పోతపోస్తే ఇంత గుంజుకపోతది. అసలుది వాని తాన్నే ఉంది."

కుర్మయ్య పైలట్‌ను గుప్పిట్లో పెట్టుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

షెడ్డులో భిక్షం కాసేపు బుకాయించాడు. "ఎండకు గుంజుకపోయి ఉంటదమ్మా."

"ఎండకైతే వంకర పోవాలె. అన్ని ముక్కలు ఒక్క లెక్కన పొట్టిగైతయా?" పద్మలత కాగితం పరిచింది. "మా ఇంట్ల గూడ గదే ఎండ. గట్లైతే మా మామ చేతుల ఉన్న పైలట్ ఎందుకు పొట్టిగ కాలే?"

కుర్మయ్య గుప్పిట విప్పి భిక్షానికి చూపించాడు. "గీయన తొవ్వ సూస్తుండు బిడ్డా. బండి తే."

భిక్షం నగేష్ వైపు చూశాడు. నగేష్ షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. భిక్షం షెడ్డు లోపలి మూలనుంచి న్యూస్ పేపర్లలో చుట్టిన మూట తెచ్చాడు. "పట్నంల గివి మస్తు అమ్ముడుపోతయన్నరు..." అని గొణిగాడతను. పద్మలత వినలేదు. పైలట్‌ను సీట్లో పెట్టింది. జారి కూర్చున్నాడు. ఒక్కొక్క ముక్కనూ కాగితం మీద పెట్టి సరిచూశాకే మూట కట్టింది. అచ్చుల్ని నగేష్ అక్కడే కత్తితో కోయించాడు.

తిరిగి వస్తూ, ఇంకెవరికిద్దాం అని నగేష్ అడగలేదు.

మర్నాడు వంట ముగించి పద్మలత ముక్కల్ని సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టింది. అతికే ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది. తను పొడిచిన చుక్కలు. రంగు వేస్తే రెక్కల కింద స్పష్టంగా కనిపిస్తాయి. అగ్గిపుల్లతో లప్పం తీసి ఒక్కొక్క గుంటా నింపుతూ కూర్చుంది. ఎనభై నాలుగు గుంటలు.

"నీ అనుమానానికి గింత లప్పం పడ్తాందా బిడ్డా!" అన్నాడు కుర్మయ్య.

"నవ్వకు మామా. ఇగ నా చెయ్యి మీదనే అనుమానమొస్తాంది."

గమ్ము మూత తీసింది. మళ్ళీ పెట్టింది. రెక్కను గమ్ము లేకుండానే మూడుసార్లు ఆనించి చూసి, నాలుగోసారికి గమ్ము రాసి, ఆనించబోయి ఆగింది. కుర్మయ్య దగ్గరికి జరిగి, చూపు అవసరంలేని తన వేళ్ళను అతుకు అంచు మీద పెట్టాడు.

"జర ఎన్కకు. ఇంకింత. ఆఁ... గిప్పుడు ఒత్తు."

ఆమె ఒత్తింది.